నాలుగంగుళాల సందు

ఎబినేజర్ వేసిన అతుకు ఊడిందని ఖరగ్‌పూర్‌లో ఎవరూ అనలేదు. అంటే ఊరుకునే మనిషీ కాదు. రైల్వే వర్క్‌షాపులో ముప్పయ్యారేళ్ళు వెల్డరుగా చేసి రిటైరైనా, తాముండే పూరీ గేట్ పేటలో ఎవరింటికెళ్ళినా ముందు కిటికీ చువ్వల అతుకులు తడిమి చూసి, ఆ తర్వాతే టీ పుచ్చుకునేవాడు. మొగుడి తిక్క చూస్తే సూసన్నకి ఒళ్ళు మండేది.

ఊరి బయట సాలువా అవతలున్న సాల్ చెట్ల అడవికి నిరుడు పెట్టిన గేటు కూడా అతని చేతి పనే. చెయ్యమని అడిగింది సురుబాలి. ఇరవయ్యేళ్ళుగా చర్చి విందులకి సాల్ ఆకుల విస్తళ్ళు కుట్టి తెచ్చే సంతాలీ మనిషి, వాళ్ళ ఊరి అడవి కమిటీలో సభ్యురాలు. రిక్షా బళ్ళలో దుంగలు తరలిపోతున్నాయనీ, చెట్లు పోతే తమ నోటి దగ్గర కూడు పోతుందనీ అతని గుమ్మంలో కూర్చుని ఏడ్చినంత పని చేసింది.

"గట్టిగా చెయ్యి, మిస్త్రీ దాదా. ఎలక్కూడా దూరకూడదు," అంది బెంగాలీలో.

ఇక చెప్పాలా! చువ్వకీ చువ్వకీ మధ్య నాలుగంగుళాలు మాత్రం వదిలి, మనిషి తల పట్టకుండా బిగించాడు. పైన ముళ్ళు పెట్టాడు. రెండు పక్కలా కందకాలు తవ్వారు. నిజం చెప్పొద్దూ, దుంగల బళ్ళు ఆగిపోయాయి. అడవి చిక్కబడింది. పాస్టరుగారికి విసుగొచ్చేదాకా ఎబినేజర్ ఆ గేటు గురించే చెప్పాడు.

చర్చిలో కోతల పండుగ ఆదివారం. శనివారం మధ్యాహ్నమైనా విస్తళ్ళు రాలేదు.

"ఏటయ్యా, రేపు మూడొందలమందికి దేన్లో వడ్డిత్తాం? సురుబాలి ఎప్పుడూ ఇలాగ సెయ్యదు. ఓపాలి ఎల్లి సూసిరా," అంది సూసన్న.

"మాటిచ్చినాక నిలబడాల కదేటి! ఇయ్యాల బాగా దులిపేసొత్తాను," అంటూ ఎబినేజర్ స్కూటర్ తీశాడు. పెట్టాల్సిన చీవాట్లన్నీ దారిలోనే కూర్చుకున్నాడు.

గేటు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. లోపలి నేలంతా తొక్కేసి ఉంది. కోసిన ఆకులు చెల్లాచెదురుగా పడున్నాయి. అలవాటు కొద్దీ ఎబినేజర్ చూపు గేటు మీదికే పోయింది. లారీ గుద్దినట్టు నడిమి చువ్వలు బయటికి వంగాయి. వంగాయే కానీ ఒక్క అతుకూ ఊడలేదు. దేవుడు క్షమించాలి, అది చూసి అతనికి గర్వమే వేసింది.

"ఏం గుద్దింది?" అని కాపలావాణ్ణి అడిగాడు.

"ఏనుగు."

మిగతాది సురుబాలి కూతురు మంగళి చెప్పింది. ఆమె కళ్ళల్లో తడి లేదు. దొంగల కోసం వేసిన తాళం ఆకులకెళ్ళే ఆడవాళ్ళకీ పడింది. తాళంచెవి ఫారెస్టు ఆఫీసుకి చేరిపోయింది. సురుబాలి ఎన్నిసార్లు తిరిగినా తాళం తీసేది లేదన్నారు. అప్పట్నుంచీ వాగు వైపుగా రెండు మైళ్ళు చుట్టు తిరిగి, తెల్లారకముందే లోపల దూరుతున్నారు. ఆ పొద్దున ఏనుగు తరిమింది. తక్కినవాళ్ళు వాగు వైపు పరిగెత్తి బతికారు. సురుబాలి ఊరు దగ్గరని గేటు వైపు పరిగెత్తింది.

"అరుపులు విని మేం వచ్చేసరికి గేటు పట్టుకుని ఉంది, కాకూ. చెయ్యొక్కటే బయటికొచ్చింది. పట్టుకుని లాగాను. లాగుతూనే ఉన్నాను," అంది మంగళి.

నాలుగంగుళాలు. చెయ్యి పడుతుంది, తల పట్టదు. టేపు పెట్టి కొలిచింది తనే.

స్కూటర్ ఎలా నడిపాడో తెలియదు. గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఇస్తరాకులేవీ?" అంది సూసన్న.

"సురుబాలి సచ్చిపోనాది. నా గేటే సంపేసినాది."

సూసన్న వచ్చి అతని పక్కనే గుమ్మంలో కూర్చుంది.

పండుగ కాగితం ప్లేట్లలో జరిగిపోయింది. ఎబినేజర్ ముద్ద ముట్టలేదు. పై ఆదివారం చర్చి మానేసి, ఇనుము కోసే రంపం, టేపు, సుద్దముక్క పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు.

"కొయ్యకూడదు, దాదా. ఆఫీసు పర్మిషన్ కావాలి," అన్నాడు కాపలావాడు.

"కేసు పెట్టుకో. పేరు ఎబినేజర్ అని రాయి. చేసింది నేనే, కోసేదీ నేనే."

ఊళ్ళోవాళ్ళు గేటు మొత్తం పీకెయ్యమన్నారు. అతను ఒప్పుకోలేదు. పీకేస్తే వారంలో దుంగల బళ్ళు దిగుతాయి, ఆ చెట్లని కాపాడింది సురుబాలి. రైల్వే లెవెల్ క్రాసింగ్ పక్కన నడిచేవాళ్ళకి మెలిక తిరిగిన ఇరుకు దారి ఉంటుంది. మనిషి దూరగలడు, బండి దూరదు. అలాంటిది పెడతానన్నాడు.

"మంగళీ, ఆకుల మూట నెత్తిన పెట్టుకుని ఇక్కడ నిలబడమ్మా," అన్నాడు. మూటకి రెండు పక్కలా సుద్దతో గీతలు గీశాడు. "ఇంత చాలా?"

మంగళి గీతల వైపు చూసింది.

"నాకు చాలు. మా అమ్మ మూట ఇంకా పెద్దది, కాకూ."

ఎబినేజర్ ఒక గీత చెరిపి, జానెడు అవతలికి గీశాడు. రంపం ఆనించాడు. కోసేసరికి సాయంత్రమైంది. అతుకులు అంత గట్టివి.