ఆరిన అచ్చు

ముందే చెప్పేస్తున్నాను, పందెం కాసింది మా ఆయన కాదు, నేను. నా నోరు అలాంటిది. ఎదుటివాళ్ళు ఒకటంటే నేను నాలుగంటాను. ఆ నాలుగో మాట దగ్గర ఎప్పుడూ ఇరుక్కుంటాను.

మా ఆయన పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు తయారుచేసి ఇస్తాడు. వారమంతా ఊరివాళ్ళ దవడలు ముందేసుకుని కూర్చుంటాడు, ఆదివారం చెరువుకు పోయి గాలం వేస్తాడు. వేస్తాడే గానీ చేప పడదు. నాలుగేళ్ళలో ఆయన చెరువు నుంచి ఇంటికి తెచ్చింది రెండుసార్లు జలుబు, ఒకసారి ఎవరిదో ఎడమకాలి చెప్పు. అయినా ఎవరేమన్నా నోరెత్తి మాట్లాడడు. దేవుడు మా ఇద్దరికీ కలిపి ఇచ్చిన మాటలన్నీ నేనొక్కదాన్నే వాడేసుకుంటున్నానేమో.

ఆయన గాలపుకర్ర వాళ్ళ నాన్నది. పట్టుకునే చోట మా మామగారి బొటనవేలు ఆనీ ఆనీ చిన్న గుంట పడింది. మా ఆయన కర్ర తీసుకున్నప్పుడల్లా సరిగ్గా ఆ గుంటలోనే వేలు పెడతాడు. పోయిన తండ్రి గురించి ఆయన ఎప్పుడూ ఏమీ చెప్పడు. ఆ వేలు చూస్తే నాకు అంతా తెలిసిపోతుంది.

ఆ కర్ర మీద మా అన్నయ్యకు ఎప్పటినుంచో కన్ను. అన్నయ్య బస్సు నడుపుతాడు. ఆదివారం మా ఆయన పక్కనే కూర్చుని సంచి నిండా చేపలు పడతాడు. పట్టినవాడు పట్టినట్టు ఊరుకోడు. ఆ రోజు మా ఇంట్లో భోజనాల దగ్గర మొదలుపెట్టాడు.

"బావా, నీ గాలం కనిపిస్తే చాలు, చేపలు దండం పెట్టి పక్కకు తప్పుకుంటున్నాయి. ఆ కర్ర నాకిచ్చెయ్యి. పాపం, దానికొకసారి చేప మొహం చూపిస్తాను."

మా ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆయన ఊరుకున్నాడు కాబట్టి నేను ఊరుకోలేకపోయాను.

"వచ్చే ఆదివారం నీకంటే పెద్ద చేప పడతారు, చూస్తూ ఉండు," అన్నాను. "అదీ కొనుక్కొచ్చిన జిగ్‌తో కాదు, సొంత చేతులతో చేసిన జిగ్‌తో. పట్టకపోతే కర్ర నీదే, పట్టుకుపో."

అదీ నాలుగో మాట. మా ఆయన నోటిదాకా తెచ్చుకున్న గ్లాసు అక్కడే ఆగిపోయింది.

"అమ్మా, విన్నావుగా. నువ్వే సాక్షి, నువ్వే తీర్పరివి," అన్నాడు అన్నయ్య. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తలూపింది.

ఆ చెయ్యి సంగతి చెప్పాలి. మా అమ్మకు పై వరసలో పన్ను మీద పన్ను ఉండేది. నవ్వితే ముందు ఆ పన్ను కనిపించేది, తర్వాతే అమ్మ. మూడు నెలల కిందట అది పుచ్చిపోతే డాక్టరు పీకేశాడు. అప్పటినుంచి అమ్మ నవ్వడం మానేసింది. తప్పనిసరై నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుని, తప్పు చేసినదానిలా తల దించుకుంటుంది. కట్టుడు పన్ను చేసి పెడతానంటే అల్లుడికి ఒకటే షరతు పెట్టింది.

"అల్లుడుగారూ, అచ్చు పాతదానిలాగే ఉండాలి, వంకరతో సహా. తిన్నగా, అందంగా చేశారంటే నేను పెట్టుకోను."

అందుకని మా ఆయన ఆ పీకిన పన్నునే తీసుకుని ప్లాస్టరుతో రెండు చెక్కల అచ్చు తీసి, ఆరడానికి వంటింటి కిటికీలో పెట్టాడు. ఈ అచ్చు సంగతి గుర్తుపెట్టుకోండి.

జిగ్ అంటే ఏమిటో పెళ్ళయ్యేదాకా నాకూ తెలియదు. గాలపు కొక్కేనికి మెడ దగ్గర సీసంతో చిన్న తల పోస్తారు. ఆ బరువుకు అది నీళ్ళ అడుగుకు దిగుతుంది. దారం కుదిపినప్పుడల్లా బుల్లి చేప ఎగిరినట్టు ఎగురుతుంది. పెద్ద చేప మోసపోయి దాన్ని మింగుతుంది.

శనివారం పొద్దున పెరట్లో పని మొదలైంది. కార్ల చక్రాలకు బిగించే సీసపు బిళ్ళలు పాతవి ఒక డబ్బాడు టైర్ల షాపువాడి దగ్గర అడిగి తెచ్చాడు మా ఆయన. జిగ్ కోసం ముందు రోజే ప్లాస్టరుతో ఒక అచ్చు చేసి పెట్టుకున్నాడు. సీసం పొగ మంచిది కాదని పొయ్యి ఆరుబయట పెట్టాడు. కళ్ళకు అద్దాలు, మూతికి మాస్కు, మోచేతుల దాకా తోలు గ్లౌజులు. ఇంత జాగ్రత్తపడ్డ మనిషి, సీసం కరిగించడానికి మాత్రం నా పాలగిన్నె ఎత్తుకెళ్ళాడు.

"అది పాలగిన్నె," అన్నాను.

"ఇక కాదు," అన్నాడు. "సీసం కరిగించిన గిన్నెలో మళ్ళీ ఏమీ కాచకూడదు."

పెళ్ళయ్యాక ఆయన నాకు ఎదురు చెప్పడం అదే మొదలు. పందెం కాసిన నోరు నాదే కాబట్టి మూసుకున్నాను.

ఆ జిగ్ అచ్చు లోపల ఇంకా తడి ఉంది. తడి మీద సీసం పడేసరికి టప్పున పేలింది. సీసపు చుక్కలెగిరి నా ప్లాస్టిక్ బకెట్టుకు మూడు కంతలు పెట్టాయి, ఒకటి ఆయన గ్లౌజు మీద పడి చల్లారింది. అచ్చు పగిలిపోయింది. ఆయన లోపలికెళ్ళి ఇంకో అచ్చు చేసి, గట్టిపడ్డాక దాన్నీ కిటికీలో ఆరబెట్టాడు.

సాయంత్రం నాలుగింటికి పెరట్లోంచి నన్ను పిలిచాడు. మాస్కులోంచి వచ్చే మాట సగమే వినిపిస్తుంది.

"కిటికీలో చూడు, అచ్చు ఆరితే తీసుకురా. చెంపకు ఆనించు. చల్లగా ఉంటే తడి ఉన్నట్టు. తడిది తెచ్చావంటే ఈసారి బకెట్టుతో పోదు."

కిటికీలో రబ్బరుబ్యాండ్లు వేసిన తెల్ల దిమ్మలు రెండున్నాయి. రెండూ చెంపకు ఆనించాను. ఒకటి చల్లగా ఉంది, రెండోది పొడిగా ఉంది. ఆరిన అచ్చు తెమ్మన్నాడు, ఆరిన అచ్చే తీసుకున్నాను. ఇందులో నా తప్పేముందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

విప్పి చూస్తే, పైన పోయడానికి కంత ఉంది గానీ కొక్కెం పట్టడానికి గాడి లేదు. మతిమరుపు మనిషి, గాడి తీయడం మర్చిపోయాడనుకున్నాను. ఆయనకు చెబితే ఇంకో గంట దాన్నే గీకుతూ కూర్చుంటాడు. అందుకని గోళ్ళు అరగదీసుకునే ఆకురాయితో నేనే గాడి చేసి, కొక్కెం లోపల పెట్టి, రబ్బరుబ్యాండు బిగించి తీసుకెళ్ళాను. వెళ్తూ నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆయన కళ్ళద్దాలు ఆవిరి పట్టి తెల్లబడి ఉన్నాయి. అచ్చును పటకారుతో పట్టుకుని కంతలో సీసం పోశాడు. ఈసారి పేలలేదు. చల్లారాక విప్పబోతే ప్లాస్టరు నాలుగు ముక్కలైంది, జిగ్ బయటపడింది. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని చూశాడు. మళ్ళీ తుడుచుకుని చూశాడు.

"ఇది మీ అమ్మ," అన్నాడు.

అచ్చు గుద్దినట్టు మా అమ్మ పన్నే. వంకరతో సహా, వేరుతో సహా. దాని పక్కలోంచి కొక్కెం పొడుచుకొచ్చి ఉంది.

"అమ్మకు తెలిస్తే నన్ను చంపేస్తుంది," అన్నాను.

"అసలు పన్ను ఉందిగా, సోమవారం ఇంకో అచ్చు తీస్తాను. మీ అమ్మకు తెలియక్కర్లేదు," అన్నాడు. "కానీ జిగ్ అచ్చు రేపటికి ఆరదు. రేపటికి మనకున్నది ఇదొక్కటే."

అని గోడకు ఆనించిన కర్ర వైపు చూశాడు. ఒక్క మాట తిట్టినా బాగుండేది. ఆ చూపు చూశాక నా నోటి మీద నాకే అసహ్యమేసింది.

పన్ను ఆనవాలు తెలియకుండా రంగు వేద్దామన్నాను. ఇంట్లో ఉన్న రంగు నా గోళ్ళరంగొక్కటే, ఎర్రది. రెండు పూతలు వేశాను. అది కాస్తా ఎవరినో కొరికొచ్చిన పన్నులా తయారైంది. దిండులోంచి ఈకలు లాగి మెడచుట్టూ దారంతో కట్టాను. దాంతో పన్నుకు గడ్డం మొలిచింది. ఇక చాల్లెమ్మన్నాడు మా ఆయన.

ఆదివారం పొద్దున అందరం చెరువు గట్టున చేరాం. మధ్యాహ్నం పన్నెండింటి దాకా గడువు. అమ్మ మడతకుర్చీలో కూర్చుంది. తొమ్మిది కాకముందే అన్నయ్యకు చేప పడింది. అమ్మ దాన్ని పక్కన పడుకోబెట్టి చేత్తో కొలిచింది. సరిగ్గా రెండు జానలు.

"బావా, కర్రకు ఏమైనా రిపేర్లున్నాయా? తీసుకెళ్ళేముందు తెలిస్తే మంచిది," అన్నాడు అన్నయ్య.

మా ఆయన గుంటలో వేలు పెట్టి గాలం విసురుతున్నాడు, లాగుతున్నాడు, మళ్ళీ విసురుతున్నాడు. పదిన్నరకు జిగ్ రాళ్ళలో ఇరుక్కుంది. ఉన్నది ఒక్కటే, తెగితే పందెం అక్కడితో సరి. ఆయన కర్రను అటు వంచి ఇటు వంచి, పసిపిల్లను నిద్ర లేపినట్టు మెల్లగా కదిపి విడిపించాడు.

నీళ్ళలో ఆ పన్ను నడక చూడాలి. మామూలు జిగ్ తిన్నగా వస్తుంది. ఇది వంకరది కదా, ఒక పక్కకు ఒరిగి, తూలి, మళ్ళీ లేచి వస్తోంది. పదకొండున్నరకు ఇంకోసారి రాళ్ళలో ఇరుక్కుందనుకున్నాం. ఆ రాయి కదిలింది. కదిలి చెరువు నడుమకు పరుగెత్తింది.

పది నిమిషాలు పట్టింది బయటికి లాగడానికి. మా ఆయన మోకాళ్ళలోతు నీళ్ళలోకి దిగిపోయాడు. చేపను గట్టు మీద పెట్టి, దాని నోట్లోంచి జిగ్ తీసి గభాలున గుప్పిట్లో దాచేశాడు. అమ్మ కొలిచింది. రెండు జానలు, మీద ఇంకో బెత్తెడు.

నాలుగేళ్ళుగా దాచుకున్న మాటలన్నీ అన్నయ్య మొహాన కొట్టేదాన్నే. ఈలోగా వాడే అందుకున్నాడు.

"ఉండండి. సొంత చేతులతో చేసిన జిగ్ అన్నారు. కొన్నది కాదని నాకేంటి నమ్మకం? గుప్పిట్లో ఎందుకు దాచావు బావా? చూపించు."

"న్యాయమే," అంది తీర్పరి. "చూపించండి అల్లుడుగారూ."

మా ఆయన మా అమ్మ వైపు చూశాడు. నోటికి అడ్డం పెట్టుకున్న ఆ చేతి వైపు చూశాడు. గుప్పిట విప్పలేదు. రెండో చేత్తో కర్ర ఎత్తి అన్నయ్య ముందుకు చాపాడు.

"తీసుకో బావా," అన్నాడు.

గెలిచిన పందెం. వాళ్ళ నాన్న కర్ర. మా అమ్మ చిన్నబుచ్చుకుంటుందని వదిలేసుకుంటున్నాడు. ఇలాంటి మనిషినా నేను ఇన్నాళ్ళూ చేతగానివాడని గొణుక్కున్నది? అన్నయ్య చెయ్యి కర్ర మీద పడేలోపు నేను ఆయన గుప్పిట విడదీసి, జిగ్ లాక్కుని అమ్మ చేతిలో పెట్టేశాను.

"అచ్చు మార్చింది నేనమ్మా. తిడితే నన్ను తిట్టు. కర్ర మాత్రం ఆయనది," అన్నాను.

అన్నయ్య వంగి చూసి, "ఇది అమ్మ పన్ను," అన్నాడు.

జిగ్ పట్టుకోవడానికి అమ్మకు ఒక చెయ్యి, కళ్ళజోడు సరిచేసుకోవడానికి ఇంకో చెయ్యి కావలసి వచ్చాయి. నోటికి అడ్డం పెట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. ఈకలు పక్కకు తప్పించి, ఎర్రరంగు మీద వేలితో ఆ వంకర తడిమి చూసింది. గట్టు మీది చేపను చూసింది. మళ్ళీ పన్నును చూసింది. మూడు నెలల తర్వాత, ఆ ఖాళీ అంతా కనిపించేలా, నోరారా నవ్వింది.

"పందెం చెల్లుతుందిరా," అంది అన్నయ్యతో. "మీ నాన్న కూడా దీనికే పడ్డాడు."