తుపాకి మోసినవాడిదే వేట

నేను ఒక తేలికపాటి తుపాకిని. తేలిక అంటే బరువులోనే సుమండీ, పరువులో కాదు. పుట్టింది ఇంగ్లీషువాళ్ళ సీమలో. అక్కడి పనివాళ్ళు నా గొట్టాన్ని సన్నగా తీర్చి, వెనక కర్రను చెక్కి చెక్కి, ఒంట్లో కొవ్వన్నది లేకుండా చేశారు. చెన్నపట్నంలో నన్ను కొన్నది మాత్రం ఒంట్లో కొవ్వుకు కొదవలేని పాలకోన జమీందారు మంగపతి దేవుగారు.

పాలకోన కొండల్లో ఒక కట్టుబాటు ఉంది. తుపాకిని కొండెక్కించినవాడిదే వేట, కొమ్ములు వాడి గుమ్మానికే. పేల్చినవాడికి మాంసంలో వాటా, అంతే. దొరగారికి తన దేహాన్ని మోయడమే గగనం, ఇంక తుపాకి కూడానా! ఆ పని ఆయన వెంట నడిచే నౌకరు లచ్చన్నది. అందుచేత లచ్చన్న గుడిసె నిండా కణుజు దుప్పుల కొమ్ములే. దొరగారి చావడిలో కొమ్ముల కోసం కొట్టించిన మేకు మాత్రం బోసిగా ఉండేది.

"కొమ్ములు లచ్చన్న ఇంట్లో, మీసాలు మనింట్లో!" అని దొరసాని నవ్వింది. దొరగారు ఉడుక్కుని, ఈ వేటలో కొమ్ములు తేకపోతే మీసాలు తీయించుకుంటానని నలుగురి ముందూ ఒట్టేశారు.

అందుకే అంగట్లో ఆయన ఏ తుపాకి ఎంత దూరం పేలుతుందని అడగలేదు. ఒక్కొక్కదాన్నీ కుడిచేత్తో ఎత్తి, ఎడమచేతిలోని వెండి తాంబూలం పెట్టెతో పోల్చి చూశారు. పెట్టెకంటే తేలిగ్గా తోచింది నేనొక్కదాన్నే.

"తేలిక తుపాకి గట్టిగా తంతుందండీ" అన్నాడు అంగడివాడు.

"నన్ను కదిలించే తుపాకి ఇంకా పుట్టలేదోయ్" అన్నారు దొరగారు.

వేటరోజున నన్ను తానే భుజానికెత్తుకున్నారు. కొంత ఎక్కాక తలపాగా లచ్చన్నకిచ్చారు. ఆ తర్వాత తాంబూలం పెట్టె, ఆపైన బూట్లు. చివరికి ఒక బండమీద కూలబడ్డారు.

"ఇలగియ్యండి బాబూ" అని లచ్చన్న చెయ్యి చాచాడు.

"ముట్టుకోకురా! కొమ్ములు నీవైపోతాయి." నన్ను చంటిబిడ్డలా గుండెకు హత్తుకున్నారు. పాపం, ఆ గుండె దడ విని నాకే జాలేసింది.

లచ్చన్న తల గోక్కున్నాడు. "అలగైతే తుపాకీ మీకాడే ఉంచండి. మీరు నా ఈపెక్కండి."

దొరగారికి ఈ ఉపాయం అమోఘంగా తోచింది.

కొండ నెత్తిమీద కణుజు కనిపించింది. దొరగారు వీపుమీంచే గురిపెట్టారు. నేను పేలాను, తన్నాను కూడా. ముగ్గురం ముళ్ళపొదలో పడ్డాం. కణుజు మాత్రం నిలుచున్నచోటే కూలింది.

కింద ఊరిపెద్ద సన్నాసయ్య ముందు పంచాయితీ. "తుపాకీ దొరబాబే మోసినారు" అని లచ్చన్న ఉన్నమాట చెప్పాడు. దొరగారు మీసం దువ్వారు.

సన్నాసయ్య చుట్ట తీసి, "మరి దొరబాబుని మోసిందెవుడ్రా?" అన్నాడు.

కొమ్ములు లచ్చన్న గుమ్మానికే వెళ్ళాయి. మర్నాడు మంగలి వచ్చాడు. బోసిమూతిని చూసి దొరసాని నవ్వలేదు. "వయసు తగ్గినట్టున్నారు" అంది. ఆ మాటకు మురిసిపోయి ఆయన వేట మానేశారు.

బోసి మేకుకు నన్ను తగిలించారు. వచ్చినవాళ్ళంతా చేతిలోకి తీసుకుని "అబ్బ, ఎంత తేలికో!" అంటారు. లచ్చన్న మాత్రం నన్ను చూసినప్పుడల్లా నడుం పట్టుకుంటాడు.