నాగజెముడు రసం మీద సాక్ష్యం

ఏసోబు మాష్టారిని చంపింది మీరే, ఫిన్నీ గారూ. నాగజెముడు పండ్ల రసం కాదు. పండు ఏం పాపం చేసింది? మీ నోరు చేసింది.

పెదపాడు బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషాయన. 2006లో కొలెస్ట్రాల్ ఎక్కువుందని ఏలూరు డాక్టరు రోజూ మాత్ర వేసుకోమన్నాడు. అదే వారం మీరు అమ్మే ఎర్రటి నాగజెముడు రసం సీసాలతో మాష్టారి ఇంటికొచ్చారు, రోజూ తాగమన్నారు. నలభై రోజుల తర్వాత రక్తం పరీక్ష చేయిస్తే కొలెస్ట్రాల్ బాగా దిగింది.

ఆ నలభై రోజులూ ఈస్టరు ముందు ఉపవాస దినాలు. మాష్టారు మాంసం, వేపుళ్లు మానేసి ఒంటిపూట గంజి తాగారు. మాత్ర కూడా వేసుకున్నారు. ఆయన భార్య రాజకుమారి గారు అడగనే అడిగారు.

"ఏవండీ ఫిన్నీ గారూ, ఉపవాసం వల్ల తగ్గిందేమోనండీ?"

"మీ గంజికి అంత మహిమ ఉంటే దాన్నే సీసాల్లో పోసి అమ్ముతానండీ అమ్మగారూ!" అని నవ్వారు మీరు.

ఈస్టరు నాడు గుడిలో మాష్టారి చేత సాక్ష్యం చెప్పించారు. రసం చాలు, మాత్ర అక్కర్లేదని ఆయన నమ్మి చెప్పారు. ఆ రోజే మాత్ర ఆపేశారు. కంచంలోకి మళ్లీ కొల్లేటి చేపల వేపుడు వచ్చింది. ఆగస్టులో భీమడోలు రైల్వే స్టేషన్లో గుండె పట్టుకుని కూలిపోయారు.

ఆయన మాట విని మాత్రలు ఆపినవాళ్లు ఆ గుడిలో ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు. అదే గుడికి వచ్చే నేను చెబితే వినరు, మీరు చెబితే వింటారు. వచ్చే ఆదివారం ఆరాధన ముగిసేలోపు లేచి, మాష్టారి కొలెస్ట్రాల్ తగ్గించింది రసమో, మాత్రో, ఉపవాసమో మీకు తెలియదని ఒప్పుకోండి. ఆ తొమ్మిదిమందినీ మీరే వెంటబెట్టుకుని సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.