ముందు దూడకి పట్టించు

మా వదిన బాలత్రిపురసుందరికి తెలియని విషయం లేదు. తెలియకపోతే ఇంకా గట్టిగా చెబుతుంది. హైస్కూల్లో జీవితమంతా లెక్కలు చెప్పిన మా అన్నయ్య జానకిరామయ్య కూడా ఇంట్లో ఆవిడ చెప్పిందే జవాబని ఎప్పుడో ఒప్పేసుకున్నాడు. నేను ఆడపడుచుని కాబట్టి నాకింకా ఆ జ్ఞానం రాలేదు.

వాళ్లమ్మాయి మనోజ్ఞ పురిటికి వచ్చిందని నన్ను సాయానికి పిలిపించారు. చీరాలలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. పిల్ల బంగారు బొమ్మ. నర్సమ్మ వచ్చి రొమ్ము పట్టించమంది. కుట్ల నొప్పితోనే మనోజ్ఞ ఒత్తిగిలి పిల్లని దగ్గరికి తీసుకుంది. చిక్కగా, పచ్చగా ఒక చుక్క కనబడేసరికి వదిన కెవ్వుమంది.

"ఛీ ఛీ, చీములా ఉన్నాయే! ఇన్ని నెలలు లోపల నిలవున్న పాలు, పసిదానికి అరుగుతాయా? పిండి పారబొయ్యి."

నర్సమ్మ ఏదో చెప్పబోయింది. "మేం కనలేదా, పెంచలేదా తల్లీ" అంటూ వదిన ఆ అమ్మాయిని గుమ్మం దాకా సాగనంపింది. ఆ ముర్రుపాలు బేసిన్‌లో పోయించి, అల్లుడు సాయికౌశిక్‌ని మందుల షాపుకి తోలింది. ఆ అబ్బాయి ఒంగోలులో బ్యాంకు ఉద్యోగి. ఖరీదెక్కువైతే మంచిదే అయి ఉంటుందని నమ్మే మనిషి. షాపులో ఉన్నవాటిలోకెల్లా ఖరీదైన పాలపొడి డబ్బా తెచ్చాడు. మెదడుకి మంచిదట. పిల్ల ఇంకా కళ్లు సరిగ్గా తెరవలేదు, అప్పుడే ఎంట్రన్సు పరీక్షకి తయారుచేస్తున్నారు.

ఆ డబ్బా మీద 'తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠం' అని డబ్బావాళ్లే పెద్దక్షరాలతో వేసుకున్నారు. పైకి చదివి వినిపించాను.

"గవర్నమెంటు వెయ్యమంటే వేస్తారు. సిగరెట్ పెట్టె మీద వెయ్యరూ?" అంది వదిన.

సిగరెట్ పెట్టె మీద రాసేది అబద్ధమని నాకు అప్పటిదాకా తెలియదు.

ఊరికి వచ్చాక డబ్బాలు హాల్లో అద్దాల బీరువా ఎక్కాయి, అన్నయ్యకొచ్చిన ఉత్తమ ఉపాధ్యాయ షీల్డు పక్కనే. చూడవచ్చినవాళ్లకి వదిన ముందు డబ్బా చూపించి, ఓపికుంటే తర్వాత పిల్లని చూపించేది.

కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజులు. ఊరంతా ఎండ, ఊరంతా ఘాటు. ఈ ఎండల్లో పాలు చిక్కగా ఉంటే పిల్లకి వేడి చేస్తుందని వదిన డబ్బా మీది కొలతల్ని పక్కనపెట్టింది. పొడి తగ్గించి నీళ్లు పెంచింది, చుట్టాలెక్కువైనప్పుడు మజ్జిగలో పోసినట్టు. సీసాని మరిగించమని హాస్పిటల్లో చెప్పారు. వదిన ఒకసారి తొలిచి ఊరుకునేది. మడి కట్టుకుని తొలిచింది కదా, ఇంక క్రిములు ఎలా వస్తాయి?

క్రిములకి మన ఆచారాలు తెలియవు. పిల్లకి విరేచనాలు పట్టుకున్నాయి. బుగ్గలు జారిపోయాయి, ఏడుపు పిల్లికూన అరుపులా సన్నబడింది. ఎవరి కళ్లో పడ్డాయంది వదిన. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో పోసింది.

"చూశావా, అస్సలు ఘాటే రాలేదు! ఎంత దిష్టో!" అంది దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ.

చివరికి పిల్లల డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆయన సెలైన్ ఎక్కించి, పిల్లని నిలబెట్టి, మాకు గట్టిగా గడ్డి పెట్టాడు. "ఎలాగైనా తల్లిపాలకి మళ్లించండి. ఇంకోసారి ఇలా తెస్తే నేను హామీ ఇవ్వలేను" అన్నాడు.

"ఆయన చెప్పడానికేం? దీనికి పాలు పడితేగా!" అంది వదిన ఇంటికొచ్చి.

పాలు పడకపోవడమేమిటి? మొదటి వారం రొమ్ములు గడ్డకట్టి మనోజ్ఞకి జ్వరమే వచ్చింది. తాగేవాళ్లు లేక తగ్గిపోయాయి. ఇప్పుడు రొమ్ముకి పెట్టుకుంటే సీసాకి అలవాటుపడ్డ పిల్ల మొహం తిప్పుకుని ఏడుస్తుంది. ఏడుపు వినబడగానే వదిన వచ్చి పిల్లని లాక్కుని సీసా నోట్లో పెట్టేస్తుంది.

"కాసేపు నా దగ్గర ఉండనీవే అమ్మా" అని మనోజ్ఞ బతిమాలేది.

"పసిదాన్ని ఆకలికి మాడుస్తావుటే!"

మనోజ్ఞ గోడవైపు తిరిగి పడుకునేది.

ఆ వారంలోనే పెరట్లో మావాళ్ల గేదె ఈనింది. గేదెల్ని చూసుకునే దానయ్య పొద్దున్నే కొట్టంలో ఉన్నాడు. అప్పటికే ఎదురింటివాళ్లు జున్నుపాలకి గిన్నె పంపేశారు. దానయ్య బకెట్ తీసుకుని పొదుగు దగ్గర కూర్చోబోయాడు. వదిన పెరట్లోకి పరుగెత్తింది.

"ఆగు దానయ్యా! ముందు దూడకి పట్టించు. ఎదురింటివాళ్లకి మిగిలితే చూద్దాం."

"దూడ పట్టట్లేదమ్మగారూ, నీరసంగా ఉంది. పాలు పిండి గొట్టంతో పోసేద్దునా?"

"పట్టేదాకా వదులు! దూడ కుడిస్తేనే గేదె చేపుతుంది. కుడవకుండా పాలెక్కణ్ణుంచి దిగుతాయి, నీ మొహం! ముర్రుపాలు పడకపోతే పారుడు రోగమొచ్చి పోతుంది. దాన్ని తల్లి దగ్గర్నుంచి లాగావంటే ఊరుకోను!"

పెరటి గుమ్మంలో మనోజ్ఞ పిల్లని ఎత్తుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో మేం చూడలేదు.

"అమ్మా" అంది. "నన్ను కూడా ఆ కొట్టంలోనే కట్టెయ్యవే. అక్కడైతే నా పిల్లని నా దగ్గర వదులుతావు."

"దాంతో నీకు పోలికేమిటే" అంది వదిన, గొంతులో బలం లేకుండా.

"పోలికెక్కడిది? దాని తరఫున మాట్లాడ్డానికి నువ్వున్నావు."

దానయ్య తల వంచుకుని దూడని పొదుగు దగ్గరికి జరిపాడు. మనోజ్ఞ అక్కడే మెట్టు మీద కూర్చుని, మాకు వీపు తిప్పి, పిల్లని రొమ్ముకి పెట్టుకుంది. పిల్ల మొహం తిప్పుకుంది. గుక్కపట్టి ఏడ్చింది. వదిన అలవాటుగా లోపలికెళ్లి సీసా పట్టుకొచ్చింది.

"వదినా, అది కింద పెట్టు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పెట్టింది. పిల్ల ఏడుస్తూనే ఉంది, మనోజ్ఞ కూడా. ఉన్నట్టుండి వదిన మోకాళ్లు పట్టుకుని కూతురి పక్కన చతికిలబడింది. "అలా కాదే, తల కాస్త ఎత్తి పట్టుకో. ఇంకా దగ్గరికి" అంది. మనోజ్ఞని పెంచిన చేతులే కదా, పని మర్చిపోలేదు. చాలాసేపటికి ఏడుపు ఆగింది. పిల్ల గొంతులో చిన్నగా గుటక పడింది.

"తాగుతోందే!" అంది వదిన, అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఒక్కరోజులో పాలు పొంగిపొర్లాయని చెప్పను. సీసా పూర్తిగా మానడానికి నెల దాటింది. దాన్ని మరిగించి, సరైన కొలతతో కలిపే పని మాత్రం ఆ రోజే నేను తీసుకున్నాను. పిల్ల నెమ్మదిగా ఒళ్లు చేసింది.

మొన్న ఎదురింటావిడ వచ్చి పిల్ల బొద్దుగా ఉందే అంటే వదిన నిట్టూర్చింది. "డబ్బాపాలంటే నాకు మొదట్నుంచీ పడదమ్మా. తల్లిపాలని మించింది లేదని మొత్తుకుంటూనే ఉన్నా. ఈ కాలం పిల్లలు వింటేగా!"

మనోజ్ఞ నావైపు చూసింది. నాకు నాలుక దురద పుట్టింది. కానీ పిల్ల పాలు తాగుతూ తాగుతూ తల్లి ఒళ్లో అప్పుడే నిద్రపోయింది. నేను నోరు తెరిస్తే లేస్తుందని ఊరుకున్నాను.