దవడల్లో పసుపు

నేను ఒక వెర్నియర్ కాలిపర్‌ని. వస్తువును దవడల మధ్య పట్టుకుని దాని మందం చెప్పడం నా వృత్తి. చీమ నడుమును, అది పగలబడి నవ్వుతున్నప్పుడు కూడా, తప్పులేకుండా కొలిచినవాణ్ణి. పుట్టి బుద్ధెరిగాక నా నోట అబద్ధం రాలేదు. కావాలంటే బొబ్బిలిలో ఎవరినైనా అడగండి.

ఉక్కుతో నన్ను చేసి ఒళ్లంతా గీతలు చెక్కారు. మొదటి యజమాని ఓ పాలిటెక్నిక్ మేష్టారు. నన్ను అద్దాల బీరువాలో పెట్టి దూరం నుంచి చూపించేవాడు. పెళ్లికూతురికైనా అంత కాపలా ఉండదు. రిటైరైపోతూ నన్ను సూరన్న చేతిలో పెట్టాడు. సూరన్నకు ఒక రేకుల షెడ్డు, ఒక లేతు మిషను, నీటి పంపులకు షాఫ్టులు తీసే పని, తోడుగా తల్లి చిన్నమ్మడు.

ఒకనాడు పంపుల కంపెనీవారు, నాణ్యతకు ఐఎస్ఓ సర్టిఫికెట్ లేకపోతే ఇక ఆర్డర్లు ఉండవన్నారు. ఆర్డర్లు లేకపోతే షెడ్డుకు తాళమే. సూరన్న విశాఖ నుంచి హిమజ అనే సలహాదారును పిలిపించాడు. ఆ అమ్మాయి ప్రతి పనికీ ఓ పద్ధతి నేర్పింది. "తప్పు జరిగితే సర్టిఫికెట్ పోదు సూరన్నగారూ, దాస్తే పోతుంది" అని రోజూ చెప్పేది. సూరన్న తలూపేవాడు. తలూపడంలో మనుషుల్ని మించినవాళ్లు లేరు.

సర్టిఫికెట్ కోసం తనిఖీకి ఆడిటరు వచ్చేది దసరా మర్నాడు. పండగనాడు చిన్నమ్మడు లేతుకు, సుత్తికి, ఆఖరికి ఫ్యానుకు కూడా పసుపు రాసి బొట్లు పెట్టి, నా దవడలకూ దట్టంగా పూసింది. ఎంత పొంగిపోయానో! మర్నాడు ఆ ఎండిన పసుపు నోట్లో పెట్టుకునే కొలతలు చెప్పాను. ప్రతి షాఫ్టునూ ఉన్నదానికన్నా లావన్నాను. పాపం సూరన్న నన్ను నమ్మి ఇంకా ఇంకా చెక్కాడు. అబద్ధమెరగనని ఇందాక కోతలు కోశాను చూశారూ, ఆ పూట అబద్ధం తప్ప ఇంకేమీ ఆడలేదు.

ఆడిటరు అటు తిరిగి టీ తాగుతుండగా హిమజ నా దవడలు మూసి చూసింది. సున్నా చూపాల్సినవాణ్ణి చూపలేదు. సందులో పసుపు. సూరన్న ముఖం వెలవెలబోయింది. ఆ షాఫ్టుల ట్రే బల్ల కిందికి తోసేస్తే ఎవరికీ తెలియదు. అతని చెయ్యి ట్రే మీదికి వెళ్లింది కూడా. కాసేపు అక్కడే ఆగింది. తర్వాత ట్రేను ఆడిటరు ముందుకు జరిపాడు.

"బాబూ, పొద్దున్న తీసినవన్నీ సన్నమైపోనాయి. ఇవి బైటికెల్లవు."

ఆడిటరు నన్ను తిప్పి చూశాడు. "దీనికి పసుపెవరు పూశారు?"

తలుపు చాటున గాజులు గలగలమన్నాయి.

"నానే," అన్నాడు సూరన్న.

"ఓరి నీ బడాయి! తలంటుకోమంటేనే పారిపోనావు, నువ్వు పసుపు పూసినావా?" అంటూ తల్లి బయటికి వచ్చింది. "నానే బాబూ. అన్నిటికీ ఎట్టి దీనికొక్కదానికీ ఎట్టకపోతే సిన్నబుచ్చుకోదేటి?"

ఆడిటరుకు టీ పొలమారింది. తేరుకుని, సన్నబడ్డవాటికి ఎర్రరంగు పూయించి పక్కన పెట్టించాడు. కొత్తవి తీయమన్నాడు. అవి మొదలుపెట్టే ముందు చిన్నమ్మడు నన్ను ఒళ్లో పెట్టుకుని, కొంగుతో దవడలు తుడుస్తూ, "నొప్పెట్టిందేటి నాయనా?" అంది.

ఆ నెలలోనే సర్టిఫికెట్ వచ్చింది. షెడ్డు తలుపులు తెరిచే ఉన్నాయి. పండగ బొట్టు నా పెట్టెకే పెట్టాలని హిమజ గోడ మీద రాయించింది. ఇప్పుడు నా గీతలు అరిగిపోయాయి, నేను ఆ పెట్టెలోనే ఉంటున్నాను.

ఒక్కమాట. చిన్నమ్మడు నన్ను "నొప్పెట్టిందేటి" అని అడగలేదు, అది నేను కల్పించాను. తుడవడం మాత్రం నిజం. దవడలు తళతళలాడాక కూడా, కొడుకు వచ్చి నన్ను ఇమ్మని అడిగేదాకా, ఆవిడ తుడుస్తూనే ఉంది.