నేల మీద గీసిన మార్కెట్టు

మార్కెట్టు కట్టి పద్నాలుగు నెలలైంది. ఇంతవరకు అందులో ఒక్క చేప కూడా సరిగ్గా తెగలేదు. తెగింది రమణమ్మ అరచెయ్యి ఒక్కటే.

చూడ్డానికి మాత్రం వంక పెట్టడానికి లేదు. నీలం రంగు రేకుల కప్పు, రెండు వరసల్లో తెల్ల పలకలు అతికించిన సిమెంటు దిమ్మలు పదహారు, దిమ్మదిమ్మకీ ఒక కుళాయి, గోడ మీద పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్న చేప బొమ్మ. ఏ చేప అయినా మార్కెట్లో ఎందుకు నవ్వుతుందో ఆ బొమ్మ వేసినవాడికే తెలియాలి. మధ్యాహ్నం పూట మేకలొచ్చి ఆ చల్లటి గచ్చు మీద పడుకుంటాయి. చేపలమ్మే పదకొండు మంది ఆడవాళ్లు మాత్రం కాలవ వంతెన పక్కన, రోడ్డంచునే, వాళ్ల అత్తలు కూర్చున్న చోటే కూర్చుంటారు.

ఆ పదకొండు మందికీ పెద్ద వరహాలమ్మ. ఓడలరేవు నుంచి తెల్లవారేసరికి ఆటోలో వచ్చే సరుకు పంచేది ఆవిడే, తగువొస్తే తీర్చేది ఆవిడే. ఐదో తరగతి దాకా చదివింది కాబట్టి బ్యాంకు కాయితాలు, ఆసుపత్రి చీటీలు అందరికీ చదివిపెట్టేదీ ఆవిడే. ఆ పెద్దరికం అంటే ఆవిడకి ఇష్టం. అది లేనట్టు నటించేది గానీ చాలా ఇష్టం.

కార్తీకమాసం మధ్యలో వార్డు కౌన్సిలర్ సత్తిరాజు నోటీసు తెచ్చాడు. కొనేవాళ్లు సగానికి సగం నిష్ఠల్లో ఉన్నారు, బేరాలు మందంగా ఉన్నాయి, వరహాలమ్మ ఈగలు తోలుకుంటూ కూర్చుంది.

"చదువుకోండి అక్కా," అన్నాడు సత్తిరాజు కాయితం ఇస్తూ. "వంతెన దగ్గర రోడ్డు వెడల్పు చేస్తన్నారు. పోలిపాడ్యమి మర్నాటికల్లా ఇక్కడ ఒక్క గంప కూడా ఉండకూడదంట. మార్కెట్లో దిమ్మలు తీసుకుంటే సరే. లేదంటే వేరేవాళ్లకి పాట పెట్టేస్తారు. శుక్రవారం కౌన్సిల్ మీటింగులో తీర్మానం అండి."

"వేరేవాళ్లంటే?"

"ఫోన్లు బాగుచేసే షాపులోళ్లు, టిఫిన్ సెంటరోళ్లు తిరుగుతున్నారండి. మీకు రోడ్డు అలవాటైపోయింది, మొండికేసేరు అని ఆఫీసులో అందరూ అనుకుంటన్నారు."

మొండితనం ఏమీ లేదు. ప్రారంభోత్సవం రోజున అందరూ కొత్త చీరలు కట్టుకుని వెళ్లినవాళ్లే. చేప కోయడం అంటే నేల మీద కూర్చోవాలి, కత్తిపీట చెక్కను కాలితో తొక్కిపట్టాలి, రెండు చేతులా చేపను పట్టుకుని కత్తికేసి లాగాలి. ఆ దిమ్మలేమో నిలబడి అమ్ముకునేవాళ్ల కోసం కట్టినట్టు నడుం దాటి ఎత్తున్నాయి. రమణమ్మ కత్తిపీట దిమ్మ మీద పెట్టి నిలబడి కోయబోయింది. తొక్కిపట్టే కాలు లేదు కదా, పీట జారింది, అరచేతికి నాలుగు కుట్లు పడ్డాయి. మిగిలినవాళ్లు దిమ్మల వెనక నేల మీద కూర్చున్నారు. అప్పుడు వాళ్లు బయటికి కనపడరు. "కొరమీనండీ, బతికున్న కొరమీనండీ" అని దిమ్మ వెనక నుంచి గొంతు ఒక్కటే వినపడేది. కొనడానికొచ్చినవాళ్లు తొంగి చూసి నవ్వుకుని వెళ్లిపోయారు. పైకెక్కి కూర్చుందామంటే మూరెడు వెడల్పు, కత్తిపీటకే చాలదు. మూడో రోజుకి అందరూ మళ్లీ రోడ్డెక్కారు.

ఇదంతా ఆఫీసులో ఎందుకు చెప్పలేదంటే, చెప్పవలసింది వరహాలమ్మ. ఆవిడ చెప్పలేదు.

"ఏ.ఈ. గారు నీ మాట వింటారు వదినా, ఒక్కసారెళ్లి చెప్పు," అని రమణమ్మ ఈ ఏడాదిలో ఎన్నిసార్లందో లెక్కలేదు. రేపంటుంది, ఎల్లుండంటుంది, మోకాలు నొప్పంటుంది. అసలు సంగతి మోకాల్లో లేదు.

రెండేళ్ల కిందట ఆ ఏ.ఈ., మున్సిపాలిటీ ఇంజనీరు ప్రశాంతి, స్కూటీ మీద వంతెన దగ్గరికి వచ్చింది. మండపేట పిల్ల, ఉద్యోగంలో కొత్త, ఆ మార్కెట్టే ఆమె గీసిన మొదటి కట్టడం. దుప్పటంత కాయితం ఐసుపెట్టె మూత మీద పరిచి, "మీకోసమే అండి, చూసి ఎలా ఉందో చెప్పండి," అంది. పదిమందీ వరహాలమ్మ మొహంలోకి చూశారు. వరహాలమ్మ కాయితంలోకి చూసింది. నిలువు గీతలు, అడ్డ గీతలు, వాటి పక్కన చీమల్లాంటి అంకెలు. దేన్ని ఎటునుంచి చూడాలో తెలియలేదు. మధ్యలో ఉన్న పొడుగాటి డబ్బా కాలవేమో అనుకుంది. తెలియలేదని అనాలంటే చుట్టూ ఉన్న పదిమంది ముందూ నోరు రాలేదు. గెడ్డం మీద వేలు పెట్టుకుని కాసేపు తలాడించి, "చాలా బాగుందమ్మా," అని కింద సంతకం చేసింది. వరహాలమ్మ అని గుండ్రంగా, పూర్తిగా రాసింది.

ఇప్పుడు వెళ్లి బాగాలేదంటే ఆ సంతకం తీసి చూపిస్తారు. ఈ ఏడాదిగా ఆవిడ గొంతులో ముల్లులా గుచ్చుకుంటున్నది అదే.

శుక్రవారం మీటింగుకి వరహాలమ్మా రమణమ్మా ఆటోలో బయల్దేరారు. సగం దారిలో రమణమ్మ, "వదినా, మనకి చూపించిన కాయితం ఇది కాదని చెప్పేద్దాం. ఆ పిల్లే తర్వాత మార్చేసిందందాం. ఎవరికి తెలుస్తాది?" అంది.

వరహాలమ్మ వద్దనలేదు. ఆ మాట ఆవిడకి నచ్చింది. మెట్లెక్కేటప్పుడు లోపల ఒకసారి అనుకుని కూడా చూసుకుంది, ఎలా చెప్పాలో.

మీటింగు హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కౌన్సిలర్ల ముందు జీడిపప్పు ప్లేట్లున్నాయి. ప్రశాంతి గోడవారగా ఫైలు పట్టుకుని నిలబడింది. మొదటి కట్టడంలో మేకలు పడుకుంటున్నాయని ఊరంతా నవ్వుతుంటే ఆ పిల్లకెలా ఉందో మొహం చూస్తే తెలుస్తుంది.

కమిషనర్ సాయిదుర్గాప్రసాద్ గారు చెడ్డవారు కాదు, అలిసిపోయినవారు. ఎజెండాలో పద్దెనిమిది అంశాలుంటే ఇది పదకొండోది. "ఏమ్మా, అంత ఖర్చు పెట్టి కట్టించేం. ఒక్కరోజైనా సరిగ్గా కూర్చున్నారా?"

"కూర్చోడానికే కుదరలేదండి," అని రమణమ్మ కుట్ల మచ్చ చూపించి మొత్తం చెప్పింది. కౌన్సిలర్లలో ఒకరిద్దరు నవ్వారు. కమిషనర్ నవ్వలేదు. ఫైలు తెప్పించి, కాయితం విప్పి, వరహాలమ్మ వైపు తిప్పారు.

"మీకు చూపించే కట్టేం కదమ్మా. ఈ సంతకం మీదే కదా?"

గుండ్రంగా, పూర్తిగా ఉంది. వరహాలమ్మ దాన్ని చూసింది. తర్వాత గోడవారగా ఉన్న పిల్లని చూసింది. మార్చేసిందని ఒక్క మాటంటే చాలు, ఈ సంతకం బరువు ఇటు నుంచి అటు వెళ్లిపోతుంది. ఆ పిల్ల మోయాల్సొస్తుంది. మోయలేదు కూడా. వరహాలమ్మకి తన మీద తనకే రోత పుట్టింది.

"సంతకం నాదేనండి," అంది. "చూపించింది కూడా ఈ కాయితమేనండి. మేడమ్ గారి తప్పు లేదండి. ఆ గీతలు నాకర్థం కాలేదండి. కాలేదని చెప్పడానికి సిగ్గేసిందండి. అందుకని బాగుందనేసేను."

రమణమ్మ నోరు తెరుచుకుని వదిన వంక చూసింది. ఇన్నేళ్లుగా తన బ్యాంకు కాయితాలన్నీ చదివిపెట్టిన మనిషి.

"తప్పు నాది కూడా ఉందండి," అంది ప్రశాంతి గోడ దగ్గర నుంచి. "ఆవిడ బాగుందనగానే సంబరపడిపోయి కాయితం మడత పెట్టుకుని వచ్చేసేను. వాళ్లు కోస్తుంటే ఒక్క పావుగంట కూర్చుని చూస్తే తెలిసేది. చూడలేదండి."

ప్రభుత్వ ఆఫీసులో ఒకే తప్పుకి ఇద్దరు పోటీపడి ముందుకు రావడం కమిషనర్ తన సర్వీసులో చూసి ఉండరు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సరే, అయ్యిందేదో అయ్యింది. కొత్తగా కట్టడానికి నిధుల్లేవు. పాడ్యమి తర్వాత రోడ్డు పని ఆగదు. మీకేం కావాలో కాయితం మీద పెట్టి ఇవ్వండి, చూద్దాం."

"కాయితం మీద చెప్పలేనండి," అంది వరహాలమ్మ. ఒకసారి సిగ్గు పోయాక మాట తేలిగ్గా వచ్చింది. "నేల మీదైతే చెప్తానండి. సోమవారం పొద్దున్న మార్కెట్టు దగ్గరికి తమరొక్కసారి రావాలండి."

కార్తీక సోమవారం చేపలు కొనే నాథుడుండడు. పదకొండు మందీ ముగ్గుపిండి డబ్బాలు పట్టుకుని వచ్చారు. మేకల్ని తోలేసి, మార్కెట్టు ముందు గచ్చు కడిగారు. వరహాలమ్మ నేల మీద కూర్చుని కత్తిపీట తొక్కిపట్టింది. రమణమ్మ ఆవిడ చుట్టూ ముగ్గుపోసింది. కుడిపక్క చేపల గంప, దాని చుట్టూ ఒక గీత. ఎడంపక్క పొలుసూ పేగులూ పడే తట్ట, దానికో గీత. ముందు కాటా. కాటాకి అవతల కొనేవాళ్లు నిలబడే చోటుకి రెండు పాదాలు గీసింది. పాదాలకి వేళ్లు కూడా పెట్టింది, ఊరుకోలేక.

ప్రశాంతి టేపు పట్టుకుని వంగి కొలుస్తోంది. కాసేపటికి టేపు పక్కన పెట్టి, "నేనొకసారి కూర్చుంటాను," అంది. వరహాలమ్మ లేచి చోటిచ్చి, చేతిలో ఒక చిన్న బొచ్చెచేప పెట్టింది. ఆ చేప పడిన అవస్థ చెప్పక్కర్లేదు, చచ్చిపోయి ఉండబట్టి సరిపోయింది. కానీ లేచేసరికి ఆ పిల్లకి నీళ్లు ఎటు పారతాయో, మోచెయ్యి ఎంత దూరం వెళుతుందో, కాలవ గట్టు మీద ఈ మనుషులు పొద్దుటి నుంచీ ఏం చేస్తారో తెలిసింది.

వరహాలమ్మ మళ్లీ తన చోట కూర్చునేసరికి కమిషనర్ జీపు దిగారు. ఎక్కడ నిలబడాలో తెలియక అటూ ఇటూ చూస్తుంటే వరహాలమ్మ, "తమరు కొనేవారండి. ఆ పాదాల్లో నుంచోండి," అంది. చెప్పులు విప్పి నిలబడ్డారు. గంపలో చేప చూడ్డానికి వంగారు, వంగి నడుం పట్టుకున్నారు.

"రోడ్డు మీదా ఇంతేనమ్మా, వంగలేక మా ఇంట్లో చేపలు మానేసేం. మోకాలెత్తన్నా లేపితే బాగుంటుంది."

ఆ మాటకి ప్రశాంతి తలెత్తింది. రమణమ్మ అప్పటికే వదినకి వీపు ఆనించి అటు తిరిగి కూర్చుని రెండో ముగ్గు పోయిస్తోంది. ప్రశాంతి ఆ రెండు ముగ్గుల్ని కలిపి ఒకసారి కొలిచింది. లోపలికి పరుగెత్తి, రెండు వరసల దిమ్మలూ వాటి మధ్య సందూ కలిపి కొలిచింది. బయటికొచ్చి మళ్లీ కొలిచింది.

"సార్, సరిపోతుందండి. దిమ్మల్ని మోకాలెత్తుకి కొట్టించేద్దాం. ఆ ముక్కలతోనే మధ్య సందు పూడ్చేస్తే రెండు వరసలూ ఒకే అరుగవుతాయి. ఇటు ఆరుగురు, అటు ఆరుగురు, వీపు వీపు ఆనించి కూర్చుంటారు. కుళాయిలు కదపక్కర్లేదు. వారం పని."

"ఆడిట్ వాళ్లకేం చెప్పను?" అన్నారు కమిషనర్, కానీ ముగ్గులోంచి పక్కకి జరగలేదు. కొంచెంసేపు ఆ పాదాల్లోనే నిలబడి పదకొండు మందినీ చూశారు. "రానీండి, నేల మీదే చూపిస్తాను వాళ్లకి కూడా," అన్నారు చివరికి.

వారం పని పది రోజులైంది, అది ఎక్కడైనా ఉన్నదే. పోలిపాడ్యమి నాడు అరటిదొప్పల దీపాలు కాలవలో వదలడానికొచ్చిన ఆడవాళ్లకి, వంతెన పక్క చోటు కడిగేసి ఖాళీగా కనపడింది. మర్నాడు పొద్దున్న ఏడింటికి కొత్త అరుగు మీద పదకొండు కత్తిపీటలు. నెల్లాళ్లు నోరు కట్టుకున్న ఊరు ఊరంతా మార్కెట్టు మీద పడింది. కమిషనర్ గారు తిన్నగా నిలబడి, ఏ మాత్రం వంగకుండా, కిలో చందువాలు కొనుక్కెళ్లారు.

సంక్రాంతి వెళ్లాక ఒక పొద్దుటిపూట ప్రశాంతి మళ్లీ వచ్చింది. చేతిలో చుట్టిన కాయితం.

"మార్కెట్టు వెనక ఆడవాళ్లకి బాత్రూములు మంజూరయ్యేయి వరహాలమ్మ గారు. ప్లాను గీసేను. చూసి ఎలా ఉందో చెప్పండి," అని అరుగు మీద పరిచింది.

పదిమందీ వరహాలమ్మ మొహంలోకి చూశారు. కొనడానికొచ్చినవాళ్లు కూడా మెడలు చాచారు. వరహాలమ్మ చేతులు తుడుచుకుని, కాయితాన్ని ఒకసారి ఇటు తిప్పి, ఒకసారి అటు తిప్పి, చాలాసేపు చూసింది.

"నాకేం అర్థం కాలేదమ్మా," అంది, అందరికీ వినపడేలా.

ప్రశాంతి కాయితం చుట్టేసి స్కూటీ దగ్గరికి వెళ్లి, సీటెత్తి ముగ్గుపిండి పొట్లం తీసింది. వరహాలమ్మ కత్తిపీట పక్కకి తిప్పిపెట్టి అరుగు దిగింది.