రాళ్లవానలో విస్తరి

ఆ ఏడు చలి ఎక్కువ. సముద్రం అవతలి దేశాల్లో మంచు పడి దారులు మూసుకుపోవడం ఫోన్లలో చూశాం. బహ్రెయిన్‌లో మంచు పడదు, గాలి వస్తుంది. ఆ గాలికి నువైద్రాత్‌లో మా క్యాంపు రేకులు ఒకటే కొట్టుకునేవి.

నా భార్య దుర్గవ్వ పోయి నెలయింది. జ్వరమని మంచం పట్టింది, కామెర్లని తేలింది, పోయింది. ఇదంతా కాష్టం కాలిన తర్వాతే నాకు తెలిసింది. దుబాయిలో ఉన్నవాడికి చెడ్డ కబురు చెప్పకూడదని మా ఊళ్లో ఒక పద్ధతి. ఏ దేశంలో ఉన్నా ఊరికి అది దుబాయే. ఇక్కడ ఇల్లు కూలిపోతున్నా అక్కడ వాడు డ్యూటీ చేసుకుంటూ ఉండాలి. ఆ పద్ధతి ప్రకారమే దుర్గవ్వ తమ్ముడు లింబాద్రి నోరు మూసుకున్నాడు. నేను ఫోన్ చేసినప్పుడల్లా అక్క చేనుకు పోయిందన్నాడు, అక్క పండుకున్నదన్నాడు. ఇక బూడిద చూడటానికి విమానం ఎక్కడం దేనికని నేను పోలేదు. లింబాద్రితో మాట్లాడటం మానేశాను.

మూడోనాడు ఊళ్లో పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, విస్తట్లో పెట్టి, దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే మనసు ఇంకా దేని మీదో ఉన్నట్టు. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాటిస్తారు. ఎవరి మాటకు కాకి దిగితే, పోయినవాళ్లు ఆ మాట కోసమే ఆగారని అర్థం. దుర్గవ్వకు అందరూ మాటిచ్చారట. కాకి దిగలేదు. చివరికి ఆవుకు పెట్టి ఇళ్లకు పోయారు.

"వదిన పానం నీ మీదనే ఉందన్నా," అన్నాడు కిషన్. మా పక్క ఊరివాడే, నా గదిలోనే ఉంటాడు. "నెల మాసికం ఈడనే పెట్టు. యాడి కాకైనా కాకే."

"ఈడి కాకికి తెలుగొస్తదా?"

"నీకు అరబ్బీ రాకున్నా ఇరవై ఏండ్ల సంది బతుకుతలేవా?"

నాకు నవ్వు రాలేదు. కానీ జిదాఫ్స్ మార్కెట్‌కు పోయి అరిటాకు తెచ్చాను.

శుక్రవారం పొద్దున ఎండుచేపల పులుసు నేను వండాను. గారెలు కిషన్ వేశాడు. అవి గారెల్లా లేవు. అన్నీ మూటగట్టుకుని నువైద్రాత్ వెనక సముద్రం ఒడ్డుకు నడిచాం.

నీళ్లు వెనక్కి తీసి ఉన్నాయి. కంటికి ఆనినంత దూరం బురద. మధ్యలో మడచెట్లు చలికి ముడుచుకుని కురచగా కనిపించాయి. సిత్రా వైపు చమురు ఫ్యాక్టరీ పొగగొట్టం మీద మంట గాలికి అడ్డంగా పడుకుంది. బురద నిండా పిట్టలు. అన్నేళ్లలో అన్నిటిని నేను చూడలేదు. లేత గులాబీ రంగు రాజహంసలు పొడుగు కాళ్ల మీద నిలబడి, తల కిందికి పెట్టి బురద వడగడుతున్నాయి. పిడికెడంత పిట్టలు వాటి కాళ్ల సందున పరిగెత్తుతున్నాయి. తెల్లటి సముద్రపు పిట్టలు గాలికి ఎదురుగా రెక్కలు చాపి, ముందుకు పోకుండా పైనే నిలిచి ఉన్నాయి. కాకి మాత్రం లేదు. క్యాంపు చెత్తకుండీ మీద రోజూ గుంపుగా కొట్లాడుకునేవి ఆ రోజు ఎక్కడ చచ్చాయో.

ఆకు పరిచి, అన్నం పెట్టి, ఎగిరిపోకుండా అంచుల మీద రాళ్లు పెట్టాం. దూరంగా నిలబడ్డాం.

అక్కడ ఒకాయన కెమెరాతో కూర్చుని ఉన్నాడు. పేరు గురుమూర్తి, కాకినాడ వైపు మనిషి. అమ్వాజ్‌లో నేను ఏసీలు బాగుచేసే బిల్డింగులో ఉంటాడు. నన్ను గుర్తుపట్టి పలకరించాడు.

"ఈసారి భలే వచ్చాయండీ. ఉత్తరాన మంచు మరీ ఎక్కువ పడింది కదా. నేను మొన్న కజకిస్తాన్ వెళ్లొచ్చాను, ఇవి ఉండే చోటు చూద్దామని. ఇదిగో చూడండి."

కెమెరా అద్దంలో చూపించాడు. నేల లేదు, ఆకాశం లేదు, అంతా ఒకటే తెలుపు. చెరువంతా గడ్డకట్టి ఉంది. ఒక ఫొటోలో ఒంటి రాజహంస ఉంది. మోకాళ్ల దాకా కాళ్లు ఆ గడ్డలో బిగుసుకుపోయాయి. మెడ ముందుకు వాలి ఉంది. చుట్టూ మంచు మీద నక్క అడుగులు.

"మిగిలినవి?" అన్నాను.

"ఎగిరొచ్చేశాయండీ. ఆగితే అవీ పోయేవే."

"ఇది వాటిని పిలిచిందా?"

ఆయన నా మొహం చూశాడు. "నేను వెళ్లేసరికే చచ్చిపోయిందండీ. ఎలా తెలుస్తుంది?"

అప్పుడే రాళ్లవాన మొదలైంది. ముందు ఒకటి రెండు, తర్వాత కుమ్మరించినట్టు. గురుమూర్తి కెమెరా పొట్టకు అదుముకుని కారు వైపు ఉరికాడు. నేనూ కిషనూ ఒక పాత పడవ చాటుకు దూరాం.

పిట్టలు ఉరకలేదు. రాజహంసలన్నీ ఒకేసారి గాలివైపు తిరిగి, తలలు రెక్కల్లో దోపుకుని నిలబడ్డాయి. చిన్నవి బురదకు అతుక్కుపోయాయి. రాళ్లు వీపుల మీద పడి ఎగిరి పక్కకు పోతున్నాయి. ఒక్కటి కూడా రెక్క విప్పలేదు. వాన ఆగేసరికి బురదంతా తెల్లగా ఉంది. విస్తట్లో అన్నమేదో వడగల్లేదో తెలియలేదు.

కిషన్ ఎవరికో ఫోన్ కలిపి, కాకి ఇంకా రాలేదని చెప్పి, నా చేతిలో పెట్టాడు. తెర మీద లింబాద్రి. గడ్డం మాసి ఉంది.

"బావా, కట్ చెయ్యకే. నీ కాళ్లు మొక్కుత."

"చెప్పు."

"అక్కనే చెప్పొద్దన్నదే. నా చెయ్యి తన నెత్తి మీద పెట్టుకొని ఒట్టేయించుకున్నది. ఆయనకు చెప్తే నౌకరి ఇడిసిపెట్టి ఉరికొస్తడు, చెప్పకురా అన్నది. నేనేం జెయ్యాలె?"

"నెల సంది ఎందుకు చెప్పలె?"

"చెప్తే అక్కను తిడ్తవని. నన్ను తిడితే తిట్టినవ్ లెమ్మనుకున్న. ఇగ నాతోని అయితలేదు బావా. నాతోని మాట్లాడుతనని ఒక్క మాటియ్యి, పిట్ట దిగుతది. అక్క మనసు అండ్లనే కొట్టుకుంటున్నది."

నేను ఫోను కిందికి దించాను. నెల రోజులు వాడి మీద పెట్టుకున్న కోపం అంతా ఇప్పుడు విస్తరి వైపు తిరిగింది. దుర్గవ్వ తాను మంచం మీద ఉండి నన్ను డ్యూటీలో ఉంచింది. ఎవరి ఇంట్లోనో ఏసీ విప్పుతూ ఉన్నాను. ఒక్క మాట చెబితే వచ్చేవాడిని. వస్తానని తెలిసే చెప్పలేదు.

కిషన్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అన్నా. అటు చూడు."

కాకి. బూడిద రంగు మెడ, తడిసి సగమైంది. కరెంటు తీగ మీంచి దిగి విస్తరి దగ్గర వాలింది. ముక్కుతో ఒక వడగల్లు పక్కకు తోసింది. తల వంచి అన్నం వైపు చూసింది.

"ఏ మాట ఇయ్యకముందే దిగిందే!" అన్నాడు కిషన్. "నీ చేతి మెతుకు కోసమే ఆగింది గద వదిన! ముడుతది, కదలకు..."

నేను వంగి రాయి తీసుకుని విసిరాను. కాకి అరిచి తీగ మీదికి పోయింది.

"నీకేమైనా పిచ్చి లేసిందా?" కిషన్ అరిచాడు. "ముట్టకపోతే ఆమె యాడికి పోతది?"

"యాడికీ పోదు."

"పాపమే, అన్నా!"

"చెప్పకుండ పోయింది. ఇప్పుడు నేను పొమ్మంటే గద పోవుడు. నేను పొమ్మన."

ఫోను ఇంకా నా ఎడమ చేతిలోనే ఉంది. దాన్ని కిందికి దించి ఉండటంతో లింబాద్రికి ఇసుక తప్ప ఏమీ కనిపించి ఉండదు. "ఏమైందే బావా? ముట్టిందా?" అని వాడు అడుగుతూనే ఉన్నాడు.

ఫోను పైకెత్తి వాడి మొహంలోకి చూశాను.

"ముట్టలె," అన్నాను.

వాడు చేతులతో మొహం కప్పుకున్నాడు. వాడి ఏడుపు కాసేపు విని కట్ చేశాను. కిషన్ నన్ను చూడకుండా క్యాంపు దారి పట్టాడు.

కాకి తీగ మీదే ఉంది. నేను ఇంకో రాయి ఏరుకుని విస్తరి పక్కన కూర్చున్నాను.